సిమ్‌లో పెట్టినా తగ్గని బర్నర్: ఒకే స్విచ్ రెండుసార్లు మార్చిన కేసు

ఈ కేసులో లోపాన్ని మొదటిసారే సరిగ్గా పట్టుకున్నాను. కానీ రిపేరు సగమే చేశాను. ఐదు నెలలకు అదే ఇంటికి, అదే పొయ్యి కోసం మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. ఆ రెండో రాకకు కారణం నేనే కాబట్టి దీన్ని వివరంగా రాస్తున్నాను. ఇంటివాళ్ళ వివరాలు, పొయ్యి కంపెనీ పేరు వదిలేశాను.

పొయ్యి, దాని స్విచ్

గాజు పలక కింద నాలుగు రేడియంట్ బర్నర్లున్న ఎలక్ట్రిక్ కుక్‌టాప్ అది. ఇండక్షన్ కాదు, కాయిల్ ఎర్రగా కాలి వేడినిచ్చే రకం. టచ్ బటన్లు లేవు, బర్నర్‌కొక నాబ్ ఉంటుంది. సరఫరా 230 వోల్టులు, సింగిల్ ఫేజ్. ఫిర్యాదు ముందువైపు కుడి బర్నర్ గురించి. అది 1800 వాట్లది, ఆ ఇంట్లో రోజూ ఎక్కువగా వాడేది కూడా అదే.

నాబ్ వెనకాల ఉండే స్విచ్‌ని ఎనర్జీ రెగ్యులేటర్ అంటారు, కొందరు ఇన్ఫినిట్ స్విచ్ అంటారు. ఫ్యాన్ రెగ్యులేటర్‌లా ఇది కరెంటును తగ్గించి పంపుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఇది కాయిల్‌కు ఇస్తే పూర్తి వోల్టేజీ ఇస్తుంది, లేకపోతే పూర్తిగా ఆపేస్తుంది. లోపల ఒక బైమెటల్ పట్టీ, దాన్ని వేడి చేసే సన్నటి హీటర్ తీగ ఉంటాయి. కాంటాక్టులు కలిసినప్పుడు బర్నర్‌తో పాటు ఆ బుల్లి హీటర్‌కూ కరెంటు అందుతుంది. పట్టీ వేడెక్కి వంగి కాంటాక్టులను విడదీస్తుంది, చల్లారాక మళ్ళీ కలుపుతుంది. మనం నాబ్ తిప్పినప్పుడు లోపలి క్యామ్ ఆ పట్టీ మీద ఒత్తిడిని మారుస్తుంది, అంతే. సిమ్‌లో నిమిషానికి సుమారు 5 సెకన్లు వెలిగి మిగతా 55 సెకన్లు ఆగి ఉంటే, 1800 వాట్ల కాయిల్ సగటున 150 వాట్ల పని చేసినట్టు. ఈ లెక్క తెలిస్తే చేతిలో వాచీ ఒక్కటి ఉన్నా సగం పరీక్ష అయిపోతుంది.

ఇంకో భాగం గురించీ చెప్పాలి, ఈ కేసులో నాకన్నా ముందు వచ్చిన మెకానిక్ పొరపాటుకు అదే కారణం. రేడియంట్ బర్నర్ మీదుగా అడ్డంగా ఒక సన్నటి కడ్డీ ఉంటుంది, దాని చివర చిన్న స్విచ్. అది లిమిటర్. గాజు పలక మరీ వేడెక్కితే నాబ్ ఎక్కడున్నా సరే అది కాయిల్‌ను కాసేపు ఆపేస్తుంది. అంటే బర్నర్‌ను వెలిగించి ఆర్పగలిగే భాగాలు రెండు. బయటి నుంచి చూసేవాళ్ళకు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

వచ్చిన ఫిర్యాదు

"సిమ్‌లో పెట్టినా ఫుల్లుగానే మండుతోందండీ. ఆపితే మాత్రం ఆగిపోతోంది," అన్నారు ఇంటావిడ. నాకన్నా ముందు వేరే మెకానిక్ వచ్చి చూశారు, బర్నర్ కాయిల్ మొత్తం మార్చారు, అయినా ఏమీ మారలేదు. ఆయన అలా ఎందుకు అనుకున్నారో నాకు అర్థమైంది. నాబ్ సిమ్‌లో ఉన్నప్పుడు కూడా బర్నర్ వెలిగి ఆరుతూనే ఉంది. వెలిగి ఆరుతోంది కాబట్టి స్విచ్ బాగున్నట్టే, ఆపితే ఆగుతోంది కాబట్టి కాంటాక్టులూ బాగున్నట్టే, ఇక మిగిలింది బర్నరే. ఆయన తర్కం అది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ దానిలోని రెండు మెట్లూ తప్పే.

పొయ్యి విప్పకముందే మొదటి మెట్టును పరీక్షించాను. బర్నర్ మీద గిన్నె లేకపోతే గాజు త్వరగా వేడెక్కుతుంది, లిమిటర్ త్వరగా ఆపేస్తుంది. నాకు లిమిటర్ అడ్డు రాకూడదు. అందుకని బర్నర్‌కు సరిపోయే చదును అడుగు గిన్నెలో రెండు లీటర్ల చల్లటి నీళ్ళు పోసి పెట్టాను, నాబ్ అన్నిటికన్నా తక్కువ గుర్తు మీద ఉంచి వాచీ చూస్తూ కూర్చున్నాను. బైమెటల్ చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి ఎక్కువసేపు వెలగడం మామూలే కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. కానీ ఇక్కడ ఆ మొదటిసారే అవలేదు. నాలుగు నిమిషాలైనా కాయిల్ ఎర్రగానే ఉంది. పక్కనున్న 1200 వాట్ల బర్నర్‌ను అదే గుర్తు మీద పెడితే మొదటిసారి కాసేపు వెలిగి, తర్వాత కొన్ని సెకన్లు వెలుగుతూ దాదాపు నిమిషం ఆగుతూ సక్రమంగా నడిచింది. నీళ్ళు తీసేసి కుడి బర్నర్‌ను ఒట్టిగా వెలిగిస్తే వెలిగి ఆరడం మొదలైంది. నాబ్ సిమ్‌లో ఉన్నా, ఫుల్లులో ఉన్నా వెలిగే సమయం ఒకటే. నాబ్ తిప్పినా మారని సమయం స్విచ్‌ది కాదు, లిమిటర్‌ది. పాపం, లిమిటర్ తన పని తాను చక్కగా చేస్తోంది.

విప్పాక కనిపించింది

నాబ్ ఆఫ్‌లో ఉన్నంత మాత్రాన లోపల కరెంటు లేదని కాదు. సరఫరా వైర్లు స్విచ్ టెర్మినళ్ళ దాకా ఎప్పుడూ జీవంతోనే ఉంటాయి. అందుకే బోర్డులో ఆ పొయ్యికి ప్రత్యేకంగా ఉన్న ఎంసీబీ దించాను, ఎవరూ ఎత్తకుండా దానికి టేపు వేశాను. టెస్టర్ పనిచేస్తోందో లేదో కరెంటున్న ప్లగ్ మీద చూసుకుని పొయ్యి టెర్మినళ్ళ మీద పెట్టాను, తర్వాత మళ్ళీ ఆ ప్లగ్ మీదే చూశాను. మధ్యలో టెస్టరే చెడిపోతే "కరెంటు లేదు" అనే తప్పు ధైర్యం మన ప్రాణం మీదకు తెస్తుంది. ఈ మూడు మెట్లలో ఒక్కటి కూడా నేను వదలను.

గాజు చల్లారాక కింది క్లిప్పులు విప్పి, పలకను మెత్తటి గుడ్డ మీద బోర్లించాను. వైర్లు పీకకముందే నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీశాను. ఈ స్విచ్‌కు పీ1, పీ2 సరఫరా టెర్మినళ్ళు, 2, 4 బర్నర్ వైపు టెర్మినళ్ళు, ఎస్ అనేది సూచిక దీపానిది. నాబ్ ఆఫ్‌లో ఉంచి మల్టీమీటర్ పెట్టాను. పీ2 నుంచి 4కు దారి తెగి ఉంది, అలాగే ఉండాలి. పీ1 నుంచి 2కు మాత్రం సున్నా ఓములు చూపించింది, అంటే అక్కడ కాంటాక్టు అతుక్కుపోయింది.

రెండో మెట్టు ఇక్కడ కూలింది. స్విచ్‌లో రెండు పోళ్ళు, అంటే రెండు విడివిడి కాంటాక్టు జతలు ఉంటాయి. వెలిగించి ఆర్పే పని ఒక పోలే చేస్తుంది, రెండోది ఆఫ్‌లో విడిపోయి మిగతా అన్ని స్థానాల్లో కలిసే ఉంటుంది. మొదటి పోల్ అతుక్కుపోయినా ఆఫ్‌లో రెండోది దారి తెంచుతుంది కాబట్టి బర్నర్ ఆరిపోతుంది. పైకి చూస్తే స్విచ్ ఆగినట్టే ఉంటుంది. ఇక్కడ అతుక్కున్నది ఫేజు వైపు పోల్. అంటే నాబ్ ఆఫ్‌లో ఉన్నా, బర్నర్ చల్లగా కనిపిస్తున్నా కాయిల్‌లో ఫేజు ఉంది. గాజు పగిలితేనో, కాయిల్ పాడై పొయ్యి లోహపు ఒంటికి తగిలితేనో పరిస్థితి ఏమిటో ఆలోచించండి. కొత్త స్విచ్ తెచ్చేదాకా వంట అయిన ప్రతిసారీ ఎంసీబీ దించేయమని ఆవిడకు గట్టిగా చెప్పాను. ఆ మాట ఇప్పుడైతే చెప్పను. ఆ బర్నర్ వైర్లు తీసి, వాటి చివరలకు వేడికి ఆగే కవరు వేసి, మిగతా మూడు బర్నర్లు మాత్రమే వాడమంటాను. రోజుకు మూడుసార్లు ఎంసీబీ దించడం ఎవరికైనా ఎప్పుడో ఒకసారి మరుపుకు వస్తుంది.

ఆఫ్‌లో చేసే ఈ పరీక్ష అన్ని స్విచ్‌లనూ పట్టదు. కాంటాక్టు అతుక్కోకుండా, లోపలి బుల్లి హీటర్ తీగ తెగినా బర్నర్ ఎప్పుడూ ఫుల్లుగానే మండుతుంది, ఎందుకంటే బైమెటల్‌ను వేడి చేసేది లేదు. అప్పుడు ఆఫ్‌లో రెండు పోళ్ళూ చక్కగా తెగి ఉంటాయి, మీటరు చూసి మోసపోతాం. వాచీ పరీక్ష మాత్రం దాన్నీ పట్టిస్తుంది.

మొదటి రిపేరు

కొత్త స్విచ్ ఎంచుకోవడంలో తొందరపడలేదు. నాబ్ ఎక్కే కర్ర లావు, పొడవు, చదును చెక్కిన వైపు, తిరిగే దిశ, ఇవన్నీ సరిపోతేనే నాబ్ గుర్తులు నిజం చెబుతాయి. వోల్టేజీ, ఆంపియర్లు చూశాను. కొన్ని రకాల్లో లోపలి హీటర్ బర్నర్ కరెంటుతోనే వేడెక్కుతుంది, వాటి మీద ఇన్ని ఆంపియర్ల నుంచి ఇన్ని ఆంపియర్ల దాకా అని ఉంటుంది. ఆ హద్దుల్లో లేని బర్నర్‌కు తగిలిస్తే సిమ్ సిమ్‌లా ఉండదు, ఫుల్లు ఫుల్లులా ఉండదు. ఇది వోల్టేజీతో నడిచే రకం కాబట్టి ఆ చిక్కు లేదు. కొత్తదాని మీద టెర్మినళ్ళ వరుస మాత్రం పాతదానికి తేడాగా ఉంది. అందుకని ఫొటోలో ఏది ఎక్కడుందో చూసి కాకుండా, గుర్తును బట్టి ఒక్కో వైరు పాతదాని నుంచి తీసి కొత్తదానికి తగిలించాను.

తప్పు చేసింది ఇక్కడే. 2వ టెర్మినల్‌కు వచ్చే వైరు చివరి కనెక్టర్ ముదురు గోధుమ రంగుకు తిరిగింది. పక్కనే ఇన్సులేషన్ గట్టిపడి, వేలితో వంచితే పెళుసుగా ఉంది. చూశాను. చూసి, స్విచ్ పాడవడం వల్ల వచ్చిన వేడికి ఇలా అయ్యుంటుందని అనుకున్నాను. కనెక్టర్ లోపలి వైపు ఎమరీ కాగితంతో రుద్దాను, కటింగ్ ప్లయర్‌తో కాస్త నొక్కాను, కొత్త స్విచ్ మీదకు ఎక్కించాను. బిగుతుగానే ఎక్కింది. పొయ్యి మూసి, వాచీతో మూడు స్థానాల్లో చూస్తే అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆవిడ సంతోషించారు, నేనూ తృప్తిగా వెళ్ళాను.

ఆ రోజు నా చేతిలో ఉన్న ఆధారాలతోనే నా ఊహ తప్పని తెలిసుండాలి. ఒకటి, వేడి స్విచ్ లోపలి కాంటాక్టు దగ్గర పుట్టి ఉంటే, అది ముందు స్విచ్ ప్లాస్టిక్‌ను కమిలించాలి. ప్లాస్టిక్ శుభ్రంగా ఉంది. రెండు, కనెక్టర్ మీద రంగు అన్నిటికన్నా ముదిరింది స్విచ్ టెర్మినల్ పలకను పట్టుకునే చోట కాదు, వైరును పట్టుకునే క్రింపు దగ్గర. వేడి అక్కడ పుట్టి రెండు వైపులకూ పాకింది, ఒకవైపు ఇన్సులేషన్‌లోకి, ఇంకోవైపు స్విచ్‌లోకి. నేను ప్లయర్‌తో నొక్కింది జబ్బు లేని చోట.

ఐదు నెలల తర్వాత

ఈసారి ఫిర్యాదు తీరు వేరు. "వేడి రావడం లేదండీ, ఒక్కోసారి మధ్యలో ఆగిపోతోంది. కాలిన వాసన కూడా వస్తోంది," అన్నారు. నాబ్ పక్కన ప్యానెల్ చేయి పెట్టలేనంత వేడిగా ఉంటోందట. ఎప్పటి నుంచని అడిగితే, నెల రోజులుగా వేడి తగ్గినట్టుందని, అదే గుర్తు మీద ఇంతకు ముందుకన్నా ఆలస్యమవుతోందని చెప్పారు. ఆ వెంటనే ఆవిడే ఇంకో మాటన్నారు: "మొదటిసారి చెడిపోయే ముందు కూడా ఇంతేనండీ. కొన్నాళ్ళు మందంగా ఉండి, ఉన్నట్టుండి ఫుల్లయింది."

ఆ మాట వినగానే నాకు మొత్తం అర్థమైంది. చెడ్డ క్రింపు నుంచి వేడి టెర్మినల్ గుండా స్విచ్‌లోకి దిగుతోంది. బైమెటల్ పట్టీకి అది బుల్లి హీటర్ ఇచ్చిన వేడో, టెర్మినల్ నుంచి వచ్చిన వేడో తేడా తెలియదు. ముందే వంగి, ముందే ఆపేస్తుంది. అందుకే మందం. అదే వేడికి కాంటాక్టును ఒత్తి పట్టే స్ప్రింగు బిగువు సడలుతుంది. ఒత్తిడి తగ్గిన కాంటాక్టులు కలిసే ప్రతిసారీ మెరుపు పెరుగుతుంది, ఒకరోజు అతుక్కుపోతాయి. మొదటి స్విచ్ పోయింది అలాగే. ఈ రెండోది అతుక్కోకముందే కనెక్టర్ పూర్తిగా కాలిపోయింది. మొదటి రోజునే "చెడిపోకముందు ఎలా ఉండేది?" అని నేను అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు.

విప్పి చూస్తే కనెక్టర్ నల్లగా బొగ్గులా ఉంది, కొత్త స్విచ్ టెర్మినల్ నీలం తిరిగింది, పక్కనే ప్లాస్టిక్ ఉబ్బింది.

ఎంత వేడి? 1800 వాట్లను 230తో భాగిస్తే 7.8 ఆంపియర్లు. క్రింపులో 0.2 ఓము నిరోధం ఉందనుకుందాం. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 12 వాట్లు. వేలి గోరంత ఇత్తడి ముక్కలో 12 వాట్లు! సోల్డరింగ్ ఐరన్‌లో సగం అనుకోండి. అదే 0.2 ఓమును మామూలు మల్టీమీటర్‌తో కొలవబోతే ప్రోబు వైర్ల నిరోధమే అంతుంటుంది, ఏమీ తెలియదు. చల్లగా ఉన్నప్పుడు మీటరు పెట్టి "కనెక్షన్ బాగుంది" అనడం ఇలాంటి చోట నమ్మదగ్గ మాట కాదు. ఇక్కడ నమ్మాల్సింది కంటికి కనిపించే రంగును.

"మీరు వేసిన స్విచ్చే మంచిది కాదేమోనండీ," అన్నారావిడ. అలా అనుకోనిస్తే నాకు సులువే. కానీ స్విచ్‌లో తప్పు లేదని, వైరు చివర పాడై ఉండగా నేను దాన్నే మళ్ళీ తగిలించానని చెప్పాను. స్విచ్ ధర కూడా ఈసారి తీసుకోలేదు.

రెండోసారి చేసింది

వైరును కొద్దికొద్దిగా కత్తిరిస్తూ పోయాను. పైకి బాగున్న ఇన్సులేషన్ కింద కూడా రాగి పోగులు నల్లబడి ఉన్నాయి. అలాంటి పోగుల మీద ఎంత కొత్త కనెక్టర్ క్రింపు చేసినా పాత కథే మొదలవుతుంది. మెరిసే రాగి వచ్చేసరికి వైరు పొడవు చాలలేదు. అతుకు వేయాలా, మొత్తం మార్చాలా? పొయ్యి లోపల వేడిలో ఇంకో అతుకంటే ఇంకో చెడిపోయే చోటు. బర్నర్ దాకా వైరు మొత్తం మార్చాను. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీలకు సరిపోయేది, ఇక్కడ పనికిరాదు. 180 డిగ్రీల సిలికాన్ వైరు వేశాను. కనెక్టర్లు ఇత్తడివి కాకుండా నికెల్ పూత ఉన్న స్టీలువి తీసుకున్నాను, ఎందుకంటే వేడికి ఇత్తడి తన స్ప్రింగు గుణం త్వరగా కోల్పోతుంది. క్రింపు పూర్తిగా పడేదాకా వదలని ర్యాచెట్ టూల్‌తోనే నొక్కాను, వైరు పట్టుకుని గట్టిగా లాగి చూశాను. కొందరు క్రింపు మీద టంకం వేస్తే గట్టిదనుకుంటారు. 60-40 (తగరం-సీసం) టంకం 183 డిగ్రీలకే మెత్తబడడం మొదలవుతుంది, పైగా పోగులు బిరుసై టంకం ఆగినచోట విరుగుతాయి. ఇక్కడ టంకం వద్దు.

స్విచ్ మళ్ళీ కొత్తదే వేశాను. పాతది ఇంకా పనిచేస్తూనే ఉంది, కానీ నీలం తిరిగిన టెర్మినల్, లోపల సడలిన స్ప్రింగు మళ్ళీ మామూలు కావు. అదే చేత్తో మిగతా మూడు స్విచ్‌ల కనెక్టర్లు కూడా లాగి చూశాను. ఒకటి వదులుగా వచ్చేసింది, దాన్నీ మార్చాను.

కరెంటు ఇవ్వకముందు ఒక చిన్న కొలత చేస్తాను. నాబ్‌లన్నీ ఆఫ్‌లో ఉంటే పీ1, పీ2 మధ్య దారి ఉండకూడదు. ఈ బర్నర్ నాబ్ ఒక్కటే తిప్పితే కాయిల్ నిరోధం కనిపించాలి. 230 వర్గాన్ని 1800తో భాగిస్తే 29.4 ఓములు, చల్లటి కాయిల్ కొంచెం తక్కువ చూపిస్తుంది. నాకు 28 చిల్లర వచ్చింది. సున్నాకు దగ్గరగా వస్తే వైర్లు తారుమారయ్యాయని అర్థం, ఎంసీబీ ఎత్తకూడదు. తర్వాత 500 వోల్టుల ఇన్సులేషన్ టెస్టర్‌తో కాయిల్‌కూ పొయ్యి ఒంటికీ మధ్య చూశాను, ఎర్త్ వైరు పొయ్యి ఒంటిదాకా ఉందో చూశాను.

మొదటిసారి చేయని పరీక్ష చివర్లో చేశాను. 2, 4 టెర్మినళ్ళ కనెక్టర్ల మీద ఒక్కో ఉష్ణోగ్రత ప్రోబును వేడికి ఆగే టేపుతో అంటించి, తీగలు బయటికి తెచ్చి, పలక మూసి, నీళ్ళ గిన్నె పెట్టి బర్నర్‌ను ఫుల్లులో అరగంట నడిపాను. రెండు కనెక్టర్ల గుండా వెళ్ళే కరెంటు ఒకటే. కాబట్టి రెండూ దాదాపు ఒకే వేడి చూపాలి. ఎన్ని డిగ్రీలు అనే దానికన్నా రెండింటి మధ్య తేడాయే ముఖ్యం. ఒకటి 61 డిగ్రీల దగ్గర, ఇంకోటి 58 దగ్గర నిలిచాయి. అప్పుడు ప్రోబులు తీసి పొయ్యి మూశాను.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

ఫోన్‌లో అడిగే మొదటి ప్రశ్న మారింది. ఇప్పుడెలా ఉందని తర్వాత అడుగుతాను, చెడిపోకముందు నెల రోజులు ఎలా ఉండేదని ముందు అడుగుతాను. "మందంగా ఉండేది" అంటే వైరు, కనెక్టర్లు, క్రింపు టూల్ సంచీలో పెట్టుకునే బయల్దేరతాను.

రంగు మారిన కనెక్టర్‌ను శుభ్రం చేసి తిరిగి వాడడం మానేశాను, అది ఎంత బిగుతుగా ఎక్కినా సరే. కత్తిరించిన ముక్కను అక్కడే పొడవునా చీల్చి, రంగు ఎక్కడ ముదిరిందో చూస్తాను. క్రింపు దగ్గరైతే తప్పు వైరుది, పలక దగ్గరైతే పట్టు సడలింది, స్విచ్ వైపైతే స్విచ్‌ది. దీనికి పట్టేది రెండు నిమిషాలు. కొత్త కుర్రాళ్ళకు నేను ముందు నేర్పేది ఈ చీల్చి చూడడమే, మీటరు తర్వాత.

కాయిల్ మార్చిన ముందు మెకానిక్‌కు కూడా ఫోన్ చేసి వాచీ పరీక్ష గురించి చెప్పాను. నీళ్ళ గిన్నె పెట్టి చూడాలన్నది ఆయనకు కొత్తగా అనిపించింది, శ్రద్ధగా విన్నారు.

ఏడాది తర్వాత నేనే వెళ్ళి ఆ పొయ్యి విప్పి చూశాను. 2వ టెర్మినల్ కనెక్టర్ నేను పెట్టిన రోజు రంగులోనే ఉంది, ఇన్సులేషన్ మెత్తగా వంగుతోంది. నాబ్ సిమ్‌లో పెట్టి మొదటి చుట్టు వదిలేసి వాచీ పట్టుకున్నాను. 5 సెకన్లు వెలిగింది, 54 సెకన్లు ఆగింది. మళ్ళీ 5 సెకన్లు.